ఆయిల్ తాగే కారు

సంగారెడ్డి పాత బజార్లో పప్పుల దుకాణం నాగేశ్వర్ సేటు భార్య చంద్రకళ, కాంటా కొనడానికి వెళ్లి కారు కొనుక్కొచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో అబద్ధం లేదు. పటాన్‌చెరు దగ్గర మూతపడ్డ ఒక ఫ్యాక్టరీలో సామాను వేలం వేస్తున్నారంటే, బస్తాలు తూచే పెద్ద కాంటా చౌకగా దొరుకుతుందని ఆమె వెళ్లింది. కాంటాను ఇంకెవరో పాడుకున్నారు. షెడ్డు మూలన దుమ్ము కొట్టుకుపోయిన ఎర్ర జపాన్ కారు ఒకటి మిగిలింది. ఫ్యాక్టరీ యజమాని మంచి రోజుల్లో ముచ్చటపడి తెప్పించుకున్నదట. నడుస్తుందని చూపించడానికి వేలం మనిషి తాళం తిప్పాడు.

ఆ ఇంజన్ దడదడలాడలేదు. బానెట్ మీద ఎవరో మరిచిపోయిన గ్లాసులో చాయ్ తొణకలేదు. సన్నగా మొదలై, ఎక్కడా తెగకుండా పైకి పాకే ఒక్కటే నాదం. ఇరవై ఏళ్లకు పైగా ఇంటి వెనక పప్పు మిల్లు దబదబలు వింటూ అన్నం తిని, నిద్రపోయి, పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. తనను బాదకుండా నడిచేది, తన సొంతం అనదగ్గది ఒక్కటి ఉంటే ఎంత బాగుండు అనిపించింది. ఎత్తిన చిట్టీ డబ్బు చేతిలోనే ఉంది. పాట పాడింది, పట్టుకొచ్చింది.

నడపడం ఆమెకు కొత్త కాదు. రుద్రారం హాస్టళ్లకు కందిపప్పూ చింతపండూ దుకాణం వ్యాన్‌లో తనే వేసొచ్చేది. ఆడమనిషి వ్యాన్ నడపడమేమిటని మొదట్లో మూతి తిప్పినవాళ్లు క్రమంగా నోరు మూసుకున్నారు. కారు సంగతి వేరు. వ్యాన్ సంసారానికి, కారు ఆమెకు. లోకానికి కొరుకుడు పడనిది అదే. టైర్లలో గాలి కొట్టేవాడు కూడా ఎదురుగా ఉన్న ఆమెను వదిలేసి, "సేటూ, ఎంత గాలి పెట్టాలె?" అని పక్క సీట్లో ఉన్న నాగేశ్వర్‌ని అడిగేవాడు. సేటు లేని రోజున, "ఇంటికి పోయి అడిగొస్తరా?" అనేవాడు. చంద్రకళకు ఒళ్లు మండేది.

నాగేశ్వర్ చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. ఎంత జాగ్రత్తంటే, సాయంత్రం దుకాణం ఊడ్చాక ఆ చెత్తను జల్లెడ పట్టి గింజలు ఏరించందే షట్టరు దించడు. అలాంటి మనిషి కంట్లో ఆ కారు నలుసైంది. కారణం, అది ఆయిల్ తాగేది. కింద చుక్క కారదు, వెనక పొగ పెద్దగా రాదు, నెల తిరిగేసరికి ఆయిల్ మాత్రం మాయం.

"గిది కారా, కల్లు కాంపౌండ్ల కూసున్న మనిషా?" అనేవాడు.

చంద్రకళ నవ్వి ఇంకో డబ్బా పోసేది.

ఒక ఎండాకాలం ఆమె జహీరాబాద్‌లో అక్క దగ్గర వారం ఉండి వచ్చింది. విచిత్రంగా అప్పట్నుంచి ఆయిల్ తగ్గడం మానేసింది. నాగేశ్వర్ ముఖం వెలిగిపోయింది, ఎందుకో చెప్పలేదు. కొన్నాళ్లకు కారు పొద్దున పూట మొరాయించడం మొదలుపెట్టింది. తర్వాత చిన్న ఎత్తు కూడా ఎక్కలేక ఆయాసపడింది. చివరికి రుద్రారంలో, యూనివర్సిటీకి వెళ్లే పిల్లలంతా బస్సుల కోసం నిలబడే చోట, నడిరోడ్డు మీద ఆగిపోయింది. పిల్లలు ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. వాళ్ల మధ్య ఆమె బానెట్ ఎత్తి, ఎండలో ఒక్కతే నిలబడింది.

ఆ కారును ఎప్పుడూ చూసే మెకానిక్ చిన్నరాములుది సంగారెడ్డి బస్టాండు దగ్గర షాపు. అతను వచ్చి, చుట్టూ తిరిగి, చేతులు దులుపుకుని, తన వెంట వచ్చిన సేటుకు తీర్పు చెప్పాడు.

"ఖతం సేటూ. దీంట్ల పిస్టన్లే లెవ్వు. లోపట ఏందో ముద్ద తిరుగుతది. వ్యాన్ ఇంజన్ తెచ్చి కూసోబెడత. మస్తు మైలేజ్ ఇస్తది."

నాగేశ్వర్ అప్పటికప్పుడే తలూపాడు.

"ఎంత ఊపుకుంటరో ఊపుకోండ్రి. ఇంజన్ మారదు," అంది చంద్రకళ.

"మరేం జేస్తవ్? పూజగదిల పెట్టుకుంటవా?"

"గిదే ఇంజన్ తిరుగుతది. నేను తిప్పిపిస్త."

అన్నదే గానీ ఎవరు తిప్పుతారో ఆమెకూ తెలియదు. పంతం పట్టిన తర్వాత దారి వెతుక్కోవడం ఆమె పద్ధతి. కారు పాత యజమాని దగ్గర పనిచేసిన డ్రైవర్‌ని ఆరా తీసి పట్టుకుంది. అతను చెప్పాడు, బీరంగూడ నుంచి సుల్తాన్‌పూర్ పోయే దారిలో ప్రభాకర్ అని ఒకడున్నాడు, ఈ తిరుగుడు ఇంజన్లు తప్ప ఇంకోటి ముట్టడు అని. మద్రాసులో రేసు కార్ల దగ్గర చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. వినయం అతని ఒంటికి సరిపడలేదు. షెడ్డు బయట చెప్పులు విడిచి రమ్మంటాడు, లోపల చేతులు కట్టుకుని నిలబడమంటాడు. పైగా ఒక షరతు. ఇంజన్ విప్పేటప్పుడు బండి సొంతదారు ఎదురుగా ఉండాలి. చివరిసారి దాన్ని ముట్టుకున్న మెకానిక్ కూడా ఉండాలి.

"పంచనామా లేకుంట శవాన్ని కదిలిస్తరా అక్కా? ఎట్ల సచ్చిందో తెల్వకుంట బతికిస్తే మల్ల సస్తది," అన్నాడు.

చంద్రకళ వెళ్లి అడిగితే చిన్నరాములు గింజుకున్నాడు.

"నేను రానమ్మా. గాడు నన్ను నలుగురిల నిలబెడ్తడు."

"నిలబడు. నేను నిలబడలేదా రుద్రారం రోడ్డు మీద?"

చిన్నరాములు షాపుకు తాళం వేశాడు. కారును లారీ మీదికెక్కించి ముంబై రోడ్డున బయల్దేరారు. నాగేశ్వర్ కూడా ఎక్కాడు. ఇంజన్ చచ్చిందన్న మాట పెద్ద డాక్టరు నోటే విని, ఇక ఆ గోల వదిలించుకుందామని అతని ఆశ.

ప్రభాకర్ ఇంజన్ దించి, స్టీలు బల్ల మీద పెట్టి, పొరలు పొరలుగా విప్పాడు. లోపల ఉబ్బిన సమోసా లాంటి మూడు మూలల ఇనుప ముద్ద. దాని మూలల్లో ఉండాల్సిన సన్నటి పట్టీలు అరిగి, ఒకటి విరిగిపోయి ఉంది. ముద్ద తిరిగే గది గోడల మీద అద్దంలా ఉండాల్సిన పూత గోళ్లతో రక్కినట్టు లేచిపోయింది. ప్రభాకర్ ఆ గీతల మీద వేలు పెట్టి రాసి చూశాడు. తర్వాత పక్కనున్న సన్న పైపులు చూపించాడు. వాటి నోళ్లకు బిరడాలు బిగించి ఉన్నాయి.

"గివి ఎవరు మూసిండ్రు?"

చిన్నరాములు నేల చూశాడు, తర్వాత సేటును చూశాడు. "సేటే జెప్పిండు. ఆయిల్ యాడికి పోతుందో చూసి బంద్ జేయమన్నడు. గీ పైపులకెల్లి పోతుండె. జేసిన."

"మూలకున్న పట్టీలు గోడను రాస్కుంట తిరుగుతయి. ఆ రాపిడికి చుక్కచుక్క ఆయిల్ ఇచ్చేటందుకే ఈ పైపులు. ఆయిల్ దీనికి తిండి. మీరు తిండి బంద్ జేసిండ్రు," అని, పానా తీసి చిన్నరాములు చేతిలో పెట్టాడు ప్రభాకర్. "నువ్వే బిగించినవ్, నువ్వే ఇప్పు."

చిన్నరాములు ఒక్కో బిరడా విప్పాడు.

చంద్రకళకు కోపం ముంచుకొచ్చింది. ఏడుపూ వచ్చింది, దాన్ని మింగేసింది. కారు చెడినందుకైతే అంత కోపం వచ్చేది కాదు. తను ఊళ్లో లేని వారం చూసుకుని, తన దాని మీద వేరేవాళ్ల చెయ్యి వేయించి, ఒకే కంచంలో తింటూ నెలల తరబడి మొగుడు ఒక్క ముక్క చెప్పలేదు.

"మంచికే జేసిన చంద్రా. కారే కుండను చూస్కుంట ఊకుంటమా?" అన్నాడు నాగేశ్వర్. గొంతులో బింకం ఉంది గానీ బలం లేదు.

"నన్ను అడగాలె. నాదాన్ని నన్ను అడిగి ముట్టాలె."

"అయిందేదో అయింది. ఇప్పటికన్న వ్యాన్ ఇంజన్ పెట్టిద్దాం. నలుగురు నవ్వుతుండ్రు."

"నవ్వనియ్యి. పండ్లు వాళ్లయి."

అప్పుడు ప్రభాకర్ బట్టకు చేతులు తుడుచుకుంటూ, అలవాటు కొద్దీ నాగేశ్వర్ వైపు తిరిగాడు. "మరేం జేద్దాం సేటూ? గదులు, పట్టీలు అన్నీ జపాన్ నుంచి రావాలె. టైం పడ్తది. జేయాల్నా, వద్దా?"

చంద్రకళ అరచేత్తో స్టీలు బల్ల మీద కొట్టింది. ట్రేలోని నట్లు ఎగిరిపడ్డాయి.

"అటు తిరిగినవేంది? నిన్ను వెతికింది నేను, బండిని మోసుకొచ్చింది నేను. బండి నాది. నన్నడుగు!"

ఆ షెడ్డులో ప్రభాకర్ మీద గొంతెత్తిన మొదటి మనిషి ఆమే అయి ఉండాలి. అతను తలదించుకున్నాడు. "తప్పయింది. చెప్పక్కా."

"జెయ్యి. ఏదీ తక్కువ జేయకు, మొత్తం జెయ్యి."

సామాను వచ్చేసరికి వానాకాలం దాటింది. ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య కందిపప్పు ధర తప్ప వేరే మాట లేదు. బజార్లో మాత్రం మాటలకు కరువు లేదు. "మొగని మాట కాదని ఇనుప ముద్దకు పానం పోస్తుందట" అన్నారు. "అవును, పోస్తున్న. మీ ఇంట్ల ఏమన్న సచ్చిందుంటే చెప్పుండ్రి, అడ్రస్ ఇస్త" అని ఆమె కొలత డబ్బా కిందపెట్టకుండానే జవాబిచ్చేది. ప్రభాకర్ ఫోన్ చేసినప్పుడల్లా దుకాణం సేటుకు వదిలేసి బస్సెక్కేది. కొత్త పట్టీలు మూలల్లో కూర్చోబెట్టడం ఆమె ఎదురుగానే జరిగింది.

స్టార్ట్ చేసిన రోజు షెడ్డంతా తెల్లటి పొగ నిండింది. అంతా అయిపోయిందనుకుంది చంద్రకళ. అది బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలే పొగ అని ప్రభాకర్ అరిచి చెప్పాడు. పొగ విడిపోయాక, వేలంలో విన్న ఆ నాదం సన్నగా మొదలై పైకి పాకింది. ఈసారి ఏడుపును మింగాల్సిన పని లేకపోయింది. ఏడ్చింది.

"కొన్నాళ్లు ఒక్క మనిషే నడపాలె, నెమ్మదిగ నడపాలె," అన్నాడు ప్రభాకర్. "పైపులు తెరిచిన. అదొక్కటే చాలదు. పెట్రోల్ కొట్టినప్పుడల్లా గీ ఆయిల్ ఒక సీసెడు ట్యాంకుల పొయ్యాలె. పెట్రోల్‌తోని కలిసి కాలుతది."

కారు ఇంటికి వచ్చాక నాగేశ్వర్ దాని చుట్టూ తిరగలేదు, దాన్ని తిట్టనూ లేదు. వారం తిరక్కముందే ఒక పొద్దున చేతిసంచీ పట్టుకుని వచ్చి కారు పక్కన నిలబడ్డాడు.

"పటాన్‌చెరుల జెర పని ఉండె."

"వ్యాన్ ఉన్నది గదా?"

"ఉన్నది."

సంచీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఆమె కాసేపు అలాగే నిలబెట్టింది. ఇంకా క్షమించలేదు, క్షమించే తొందర కూడా ఆమెకు లేదు. "ఎక్కుండ్రి. తొవ్వల సలహాలు మాత్రం చెప్పొద్దు," అంది చివరికి.

ముంబై రోడ్డు మీద బంకులో ఆపి, దిగి, ట్యాంకు మూత తీసి ఆయిల్ సీసా వంచింది. పెట్రోల్ కొట్టే మనిషి అదిరిపడ్డాడు. ఆమెతో ఒక్క మాట అనకుండా అటు పక్క కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

"సేటూ! అమ్మ పెట్రోల్ ట్యాంకుల ఆయిల్ పోస్తుంది. ఇంజన్ ఖరాబైతది, జెర ఆపమనుండ్రి!"

నాగేశ్వర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. మంచి ఆయిల్, కాలిపోవడానికని తెలిసి తెలిసి పోస్తున్న ఆయిల్, ధారగా లోపలికి దిగుతోంది. చెత్తలో గింజలేరే మనిషికి అది ఎంత కష్టంగా ఉందో ముఖంలో కనబడింది. నోరు తెరిచాడు. సంచీని పొట్టకు అదుముకున్నాడు.

"నాకు జెప్తవేంది?" అన్నాడు. "బండి ఆమెది. ఆమెనడుగు."

చంద్రకళ విన్నది. సీసా ఖాళీ అయ్యేదాకా పోసి, "ఫుల్ కొట్టు" అంది.