బాపు ఒత్తిన మీట

తొంభైలలో కామారెడ్డిలో కంప్యూటర్ నేర్చుకుంటూ సొంతంగా ఒక ఆట రాశాను. మీట నొక్కితే బాణం వెళ్లి గద్దను కొట్టాలి. ఎల్లారెడ్డిలో ఇస్త్రీ దుకాణం నడిపే నాన్నకు, మా బాపుకు, దాన్ని చూపించాలని ఉబలాటపడి పిలిపించాను.

"ఒత్తు బాపూ!" అన్నాను.

ఆయన ఇస్త్రీపెట్టెలాగే మీటను ఒత్తిపట్టాడు. గద్ద ఎదురుగా రాకముందే ఉన్న బాణాలన్నీ రెప్పపాటులో అయిపోయాయి. చుట్టూ చేరిన నా తోటి విద్యార్థులందరూ గొల్లున నవ్వారు.

"నీతోని గాదు, లే!" అని కసిరాను.

"తప్పు బాపుది గాదురా. ఆగకుంట బాణాలిడిసే నీ ప్రోగ్రాముది" అన్నాడు నా స్నేహితుడు.

నిజమే. అర సెకను గడిస్తేనే మరో బాణం వెళ్లేలా అక్కడే మార్చాను. బాపు మళ్లీ ఒత్తిపట్టాడు. బాణాలు ఒక్కొక్కటే దూసుకెళ్లాయి.

"పడ్డదిరా గద్ద!" అంటూ ఎగిరి గంతేశాడు.

ఆయనతో కలిసి నేనూ గంతులేశాను. కానీ ఆ అర సెకను ముందుగా నా నోటికి పెట్టుకోవలసింది.