గంగాళం తప్పుకోలేదు

తెరచాపలు కుట్టే ఆవిడను రేవులో అందరూ దబ్బనం అనేవారు. గోనెపట్టా అంత మందమైన గుడ్డను చేత్తో కుట్టేది కాబట్టి కొంత, నోటితో గుచ్చేది కాబట్టి మిగతాది. రేవు గోదాము పై అంతస్తులో ఆమె దుకాణం. తెరచాపలు పరవడానికి నేలంతా ఖాళీగా వదిలి, కుట్టుమిషన్ను చెక్క నేలలో కోసిన గోతిలో నేల మట్టానికి దించి, ఆ గోతిలోనే కూర్చునేది. వచ్చినవాళ్లకు ముందు ఆమె తల మాత్రమే కనిపించేది.

ఆమె తండ్రికి ఒక పాత పడవ ఉండేది. ఫైబర్‌తో పడవలు పోయడం కొత్తగా మొదలైన రోజుల్లోది. ఆ సరుకు ఎంత గట్టిదో పోసేవాళ్లకే తెలియక, ఎందుకైనా మంచిదని పొర మీద పొర వేసి బొటనవేలి మందాన దిట్టంగా చేశారు. లోపల పడకలూ ఒక చిన్న పొయ్యీ ఉన్న ఆ పడవ ఇంటిల్లిపాదీ సెలవులకు తిరగడానికే తప్ప పందేలకు పుట్టింది కాదు. అయినా గాలి ముదిరి కెరటాలు లేచిన రోజున, తేలిక పడవలు గెంతులు వేస్తుంటే ఇది నీళ్లను దున్నుకుంటూ పోయేది. దానికి గంగాళం అని పేరు పెట్టింది ఆమె బావ, మేనత్త కొడుకు.

ఆ బావకు చుక్కాని పట్టడం నేర్పింది ఆమె తండ్రే. అతను తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు. రేవులో ఏటా జరిగే తెరచాప పడవల పందెంలో ఒక ఏడు మామా మేనల్లుళ్ల పడవలు ఎదురెదురయ్యాయి. కుడి పక్క నుంచి గాలి పట్టిన పడవది దారి, ఎడమ పక్క నుంచి పట్టినది తప్పుకోవాలి. నీటి మీద పసిపిల్లలకైనా తెలిసిన రూలు అది. దారి తండ్రిది. బావ తప్పుకోలేదు. కుర్రాడికి దెబ్బ తగులుతుందని తండ్రే చివరి క్షణంలో చుక్కాని తిప్పాడు. రెండు పడవలూ రాసుకుని బయటపడ్డాయి.

విచారణలో బావ తడబడలేదు. మామయ్య ఉన్నట్టుండి చుక్కాని తిప్పి తన మీదికి వచ్చాడని చెప్పాడు. తిప్పారా అని పందెం పెద్దలు అడిగితే తండ్రి తిప్పానన్నాడు. ఎందుకు తిప్పాడో చెప్పబోయి నీళ్లు నమిలాడు. ఆయనకు నలుగురిలో మాట పెగలదు. పందెం నుంచి తీసేశారు. ముసలాయన కావాలనే గుద్దాడన్న మాట రేవంతా పాకింది. ఆయన మళ్లీ పడవెక్కలేదు. పోయేదాకా సముద్రం వైపు కిటికీ తెరవనివ్వలేదు.

బావ కొత్త పడవల వ్యాపారం పెట్టాడు. తేలికగా, వెడల్పుగా, పిల్లగాలికే పరుగెత్తే పడవలు. బేరానికి వచ్చినవాళ్లకు ఒడ్డున ఉన్న గంగాళాన్ని చూపించి, ఇలాంటివి కొనుక్కుంటే బిందెలు కడుక్కోవడానికి పనికొస్తాయని నవ్వించేవాడు. ఆ నవ్వులు పై అంతస్తు దాకా వినిపించేవి.

తండ్రి పోయాక దబ్బనం ఆ పడవను గీకి, రంగు వేసి, తన చేత్తో కొత్త చాపలు కుట్టింది. తండ్రి మీద ప్రేమ అనుకుంది చెల్లెలు. ఏటా పందెం రోజున ఆమె రేవు గోడ మీద నిలబడి గాలి చూసేది. మెత్తగా ఉందనుకుంటే తిరిగి వచ్చి మిషన్ ముందు కూర్చునేది. ఇలా ఎన్నో ఏళ్లు గడిచాయి. చివరికి ఒక ఏడు తాళ్లన్నీ ఈలలు వేసేంత గాలి లేచింది. ఆ ఉదయమే వెళ్లి పేరు రాయించి, చెల్లెల్నీ, చెల్లెలి మొగుడైన మరిదినీ వెంటబెట్టుకుని పడవెక్కింది.

గంగాళం నమ్మకం నిలబెట్టుకుంది. బావ కొత్త పడవ ప్రతి కెరటానికీ ఎగిరి పడుతుంటే, ఇది దాని వెనకాలే కదలకుండా వచ్చింది. పాత పడవలకు పందెంలో కొంత సమయం వెసులుబాటు ఇస్తారు కాబట్టి ముందు చేరకపోయినా గెలవచ్చు.

"అక్కా, ఇలాగే పోనియ్. గెలిచేది మనమే" అంది చెల్లెలు.

కానీ బావ ఎటు తిరిగితే అక్క అటే తిరుగుతోంది. దగ్గర దారి వదిలేసి మరీ తిరుగుతోంది. అప్పుడు అర్థమైంది చెల్లెలికి, అక్క గెలవడానికి రాలేదని.

గాలికి ఎదురు పోవడానికి అటూ ఇటూ మలుపులు తిరుగుతూ, కాసేపటికి రెండు పడవలూ ఎదురెదురయ్యాయి. దారి గంగాళానిది. బావ తన పడవలో బేరానికి వచ్చిన పళ్ల డాక్టరును కూర్చోబెట్టుకున్నాడు. అతని ముందు తగ్గడం ఇష్టం లేక, ముందుగా దాటేయాలని చూశాడు.

"మరదలా, తప్పుకో. నీ డొక్కు పగులుద్ది" అని అరిచాడు.

"తిప్పక్కా" అంది చెల్లెలు.

"దారి నాన్నది" అంది దబ్బనం. చుక్కాని కదల్లేదు.

గంగాళం ముక్కు కొత్త పడవ వెనక మూలకు తగిలింది. ఆ మూల గుడ్డుపెంకులా చితికింది. గంగాళానికి రంగు లేచింది, అంతే. అదృష్టం బాగుండి మనుషులకు ఏమీ కాలేదు. బావ పడవను తాడు కట్టి లాక్కొచ్చారు.

విచారణలో బావ మళ్లీ పాత పాటే పాడాడు. మరదలు ఉన్నట్టుండి చుక్కాని తిప్పిందన్నాడు. పళ్ల డాక్టరు లేచాడు.

"నాకు పడవల సంగతి తెలీదండీ. ఆవిడ మాత్రం గీత గీసినట్టు తిన్నగా వచ్చారు. అదే భయపడి తప్పుకుంటుంది చూడండని ఈయనే నాతో అన్నారు."

మీరు తప్పించగలిగేవారా అని పెద్దలు ఆమెను అడిగారు. "తప్పించొచ్చు. తప్పించలేదు" అంది. ఢీకొనకుండా చూడాల్సిన బాధ్యత దారి ఉన్నవాళ్లకూ ఉంటుంది. ఇద్దర్నీ పందెం నుంచి తీసేశారు. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"బావా, నాన్న కూడా ఇలాగే తిప్పాడా?"

బావ బల్ల వైపు చూశాడు. తండ్రిని తీసేసిన పెద్దల్లో ఒకాయన ఆ రోజూ అక్కడే ఉన్నాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. సాయంత్రానికి ఆ ప్రశ్న రేవంతా తిరిగింది.

మెట్లు దిగుతుంటే చెల్లెలు ఆగింది.

"ఆ పడవలో మనుషులున్నారక్కా. నాన్నయితే తిప్పేసేవాడు."

"తిప్పాడుగా. ఆ తిప్పినందుకే దోషి అయ్యాడు."

పళ్ల డాక్టరు పడవ కొనలేదు. ఆ రేవులో బావ దగ్గర ఎవరూ కొనలేదు. చలికాలంలో బావ చిరిగిన తెరచాప ఒకటి భుజాన వేసుకుని పై అంతస్తుకు వచ్చాడు. ఆ చుట్టుపక్కల చాపలు కుట్టే మనిషి ఇంకొకరు లేరు. దబ్బనం గోతిలోంచి తలెత్తకుండానే దారం అయిపోయింది బావా అంది. గోడ నిండా దారపు ఉండలు వరుసగా ఉన్నాయి. అతను వాటిని చూసి, చాప చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి తను కడుపు నిండా తిన్నానని ఆమె అందరికీ చెప్పుకుంది.

చెల్లెలు మాత్రం మళ్లీ గంగాళం ఎక్కలేదు. మరుసటి ఏడు కూడా మంచి గాలే వచ్చింది. మరిది ఒక్కడే తోడు వచ్చాడు. తాళ్లు లాగడానికి ఇద్దరి చేతులు చాలక, గెలవాల్సిన పడవ మూడో స్థానంతో సరిపెట్టుకుంది.