మంచం ఎక్కే బంపర్ కోసం బచేలికి

ఈ ప్రయాణానికి కారణం ఒక స్టెప్నీ టైరు.

మా చెల్లెలు సుశీల ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో, సుక్మాకు దిగువన, తెలంగాణ సరిహద్దు పల్లెల్లో నర్సు. రోగుల కోసం వాడే ఆమె జీపుకు స్టెప్నీ వెనక తలుపు మీదే ఉండేది. కిందటి వానాకాలంలో కాన్పు కష్టమైన ఒకామెను మంచం మీద మోసుకొచ్చారు. టైరు బరువుకు కుంగిన తలుపు ఇరుక్కుపోయి ముప్పావుగంట తెరుచుకోలేదు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

"అక్కా, పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ చెప్తావుగా. నాకో వెనక బంపర్ గీసిపెట్టు. ఈ వానాకాలానికి ఆ తలుపు తెరుచుకోవాలి" అంది సుశీల ఫోనులో.

గీశాను. టైరును తలుపు మీంచి తీసి, బంపర్‌కు బిగించిన ఇనుప చేయికి తగిలించాను. గడియ తీస్తే ఆ చేయి గేటులా పక్కకు తెరుచుకుంటుంది. దాని కింద మడత పలక, పలకలో సన్న కాలువల్లా రెండు గాళ్లు. మంచం కాళ్లు ఆ గాళ్లలో పడి లోపలికి జారాలి. వాగు గట్టు ఎక్కేటప్పుడు నేలకు తగలకుండా బంపర్ రెండు చివర్లూ ఏటవాలుగా పైకి కోశాను. మంచం కొలతలు మా ఇంట్లో నవారు మంచానివి. మంచమంటే మంచమే కదా అనుకున్నాను.

దీన్ని చేయగల వెల్డర్ ఇనుప గనుల ఊరు బచేలిలో ఉన్నాడంది సుశీల. విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ ఉదయం ఏడు కాకముందే కదిలింది. వెళ్లదలచినవారు తెల్లబట్టలు కట్టుకోకండి, దారంతా ఎర్రదుమ్ము. అరకులో విహారయాత్రల వాళ్లంతా దిగిపోయారు, పెట్టెలో సగం ఖాళీ. కోరాపుట్‌లో వడలు తినండి, ఆ తర్వాత దొరికే తిండికి నేను పూచీ కాదు. అక్కడి నుంచి ఎర్ర ఖనిజం నింపుకున్న గూడ్సు ఒకటి వస్తుంది, మనం ఆగుతాం. అది వెళ్లాక కదిలి, ఇంకోదాని కోసం మళ్లీ ఆగుతాం. మూడోసారి ఆగినప్పుడు నేను గొణగడం మొదలుపెట్టాను. ఎదురుగా ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న శృంగవరపుకోట ఆవిడ, రైల్వే ఉద్యోగి భార్యట, నవ్వింది.

"ఈ లైను మనకోసం ఎయ్యలేదమ్మా. రాయి కోసం ఏసినారు. మనం ఊరికే ఎక్కినాం."

వాదించడం నాకు అలవాటే. ఈసారి మాత్రం కోరాపుట్ వడ ఒకటి ఆవిడ చేతిలో పెట్టాను.

జగదల్‌పూర్ దాటేసరికి సాయంత్రమైంది. చీకటి పడ్డాక బచేలిలో దిగాను. బస్టాండు దగ్గర లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు బకెట్టుతో అడిగి తెచ్చుకోవాలి. కిటికీలోంచి చూస్తే కొండ మీద గని దీపాలు.

పొద్దున్న తొమ్మిదికి వెల్డింగ్ షెడ్డుకు వెళ్లాను. సుశీల ముందురోజే గీదం మీదుగా జీపు తెచ్చి ఉంచింది. తోడుగా ముత్తమ్మ అనే సహాయకురాలు వచ్చింది. ముప్పై దాటని మనిషి, నల్లపూసల దండ, తక్కువ మాట. వెల్డర్ అప్పలరాజు తండ్రి విజయనగరం నుంచి ఈ లైను పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడట. నా షీటు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"ఏటి మేడమూ, మిల్లీమీటర్లా? ఇవి మీ పిల్లలకి సూపించండి. మనకి సుద్దముక్క సాలు."

"సుద్దముక్కతో గీస్తే వంకర వస్తుంది."

"బండే వంకరగుంది కదా."

అయినా నేల మీద నా బొమ్మనే అసలు సైజులో సుద్దతో గీశాడు, ఒక్క కొలత తప్పలేదు. రెండు రోజుల్లో బంపర్ జీపుకు ఎక్కింది. నేను చుట్టూ తిరిగి, తట్టి, మురిసిపోయాను.

అప్పుడు ముత్తమ్మ అడిగింది. "టీచరమ్మా, ఈ గాళ్లు ఎందుకు?"

"మంచం కాళ్లు దిగడానికి."

"కాళ్లు కిందికి ఎట్లుంటయి? మేం మంచం బోర్ల తిప్పి మోస్తం. కాళ్లు పైకుంటయి. వాటికి తాళ్లు కట్టి, వెదురు దూర్చి, భుజాలకెత్తుకుంటం. నులక తొట్టిలెక్క దిగుతది, వాగు దాటేటప్పుడు మనిషి జారదు."

"మనిషిని తలకిందుల మంచంలో మోయడం ఏమిటి? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలె? తలుపు తెరుసుకోని ఆ రోజు దాంట్ల పండుకున్నది నేనే గదా."

నేను సుశీల వైపు చూశాను. ఆమె జీపు అద్దం తుడుస్తూ ఉండిపోయింది. రెండు రోజులుగా ఈ మనిషి ఎదుటే బోల్టుల గురించి అరుస్తున్నాను.

ముత్తమ్మ టీ కొట్టు నుంచి నులక మంచం తెప్పించి, తిరగేసి, తాళ్లు కట్టింది. "మీరు పండుకోండి. అప్పుడు తెలుస్తది."

నా బరువుకు నలుగురు కావలసి వచ్చింది. అప్పలరాజు నవ్వు దాచుకోలేదు. ముఖం మీద వెదురు, రెండు పక్కలా పైకి లేచిన కాళ్లు. నాలుగడుగులు వేయగానే మంచం ఊగడం మొదలైంది. జీపు దగ్గరకొచ్చేసరికి, నేను తొంభై డిగ్రీలకు తెరిపించిన ఇనుప చేయి సరిగ్గా నా కణతకు ఎదురుగా నిలబడి ఉంది. దాని కొసన గడియ పడే కొక్కెం నా వైపుకే. మంచం ఊగింది. అప్పలరాజు అరచేయి అడ్డం పెట్టకపోతే ఈ కథనం రాసేదాన్ని కాదు.

దింపాక ఆ కొక్కెం కొనను వేలితో తడిమి చూశాను. ఆ కొక్కెం గీసింది నేనే, కొలత వేసింది నేనే, కింద సంతకం కూడా నాదే.

"కోసెయ్యి" అన్నాను అప్పలరాజుతో. కోశాడు. చేయి పూర్తిగా వెనక్కి తిరిగి జీపు పక్కకు అతుక్కునేలా కీలు మార్చాడు. గాళ్ల చోట తిరిగే పైపు ముక్కలు వేశాడు, బోర్లించిన మంచం వాటి మీద ఇట్టే జారింది. గడియ విషయంలో ముత్తమ్మ పట్టు విడవలేదు. ఒక్క చేత్తో రావాలంది. "ఇంకో చెయ్యి మంచంల ఉన్నామెను పట్టుకోవాలె."

గడియ మూడుసార్లు మార్చారు. నేను ఒక్కసారీ వాదించలేదు. సుశీల నన్ను వింతగా చూసింది.

మర్నాడు పొద్దున్న ఆరు దాటాక తిరుగు రైలు ఎక్కాను. బస్తర్ ఎలా ఉంటుందని అడిగేవారికి చెప్పడానికి నా దగ్గర జలపాతాలు లేవు, నేను చూడలేదు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు ఏ వస్తువునైనా పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి గీయడం నేర్పుతున్నాను. దాని కింద పడుకున్న మనిషికి ఏం కనిపిస్తుందో ఒక్కరి చేతా గీయించలేదు. ఆ సిగ్గుతోనే కిటికీ పక్కన కూర్చున్నాను.

కోరాపుట్ దగ్గర మొబైల్ సిగ్నల్ దొరికాక సుశీల ఫోన్ చేసింది. సుక్మా చేరారట.

"అక్కా, ముత్తమ్మ జీపు ఆగిన చోటల్లా దిగి ఆ గడియ తీసి వేస్తోంది. గీదంలో, దారిలో, ఇప్పుడిక్కడ. అరిగిపోతుందంటే వినదే."

"తియ్యనీ" అన్నాను. "అరిగితే ఇంకోటి చేయిద్దాం."