వెనక చక్రాల డ్రమ్ములు

కార్ల మరమ్మతు షెడ్డు నడిపే ఆయన చెయ్యి బ్రేకుల మీద పడిందంటే ఇక తిరుగులేదని పేరు. వీధిలో అందరూ డ్రమ్ముల డాక్టరు అనేవాళ్ళు. ఆ పేరంటే ఆయనకూ లోపల్లోపల మురిపెమే. తమ్ముడి కారు లారీని గుద్దుకున్నప్పటి నుంచి మాత్రం ఎవరైనా అలా పిలిస్తే మొహం గంటు పెట్టుకునేవాడు. ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ముందురోజు సాయంత్రం వాటిని బిగించిన చేతులు ఈయనవే.

వంతెన కింద నిలిచిన వాన నీళ్ళలోంచి బయటికొచ్చిన ఆ కారు ఎంత తొక్కినా ఆగలేదు. తమ్ముడి కుడి మోకాలు నుజ్జయింది. తప్పు డ్రమ్ముల్లో చేరిన నీళ్ళదా, తన చేతిదా? ఆ అనుమానం ఈయన్ని పురుగులా తొలిచేసింది. తమ్ముడా, ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. తిట్టేవాడికైతే జవాబు చెప్పుకోవచ్చు, నోరు మెదపని వాడితో ఏం చేస్తాం? ప్రతి ఆదివారం తమ్ముడింటికి వెళ్ళి, నూనె వేడిచేసి, ఆ మోకాలికి మర్దన చేసి వచ్చేవాడు. ఆ కాసేపూ అన్నదమ్ములు లోకంలోని కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు, ఆ ఒక్క కబురు తప్ప.

అలా ఏళ్ళు గడిచాక, ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే నర్సు ఉద్యోగంలో చేరిన కూతురు ఒక పాత కారు కొనుక్కుంది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. ఆ డ్రమ్ములు చూడగానే ఈయనకు తమ్ముడి కారే గుర్తొచ్చింది. తయారుచేసినవాడు లెక్క చూసే పెట్టాడు, కదిలించకండి అని ఊరందరికీ చెప్పే మనిషి, సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి మొండికేశాడు. వెనక కూడా, తడిసినా పట్టు వదలని డిస్కులే ఉండాలన్నాడు. ఒక పెద్ద కారు నుంచి ఊడదీసిన డిస్కులు తెచ్చి, తన చేత్తోనే బిగించాడు. బుల్లి కారుకు ఇంత పెద్దవెందుకని పక్క షెడ్డు మేస్త్రీ అడిగితే, నీ పని నువ్వు చూసుకోవయ్యా అని కసిరాడు. భయం పట్టినవాడికి బుద్ధి చెప్పడం ఎవరి తరం!

మర్నాడు చినుకులు పడుతుంటే కూతురు కారు తీసింది. ఆయన పక్కన కూర్చున్నాడు. మలుపులో ఒక సైకిలు అడ్డొచ్చింది. ఆమె బ్రేకు తొక్కడమే పాపం, ముందు చక్రాల కంటే ముందుగా వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. కారు వెనకభాగం పక్కకు జారి, బండి గిర్రున తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సైకిలువాడు నాలుగు తిట్లు తిట్టి పోయాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే మరి.

కూతురు ఇంజను ఆపి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఈ బ్రేకులు నా కోసం వేశావా, బాబాయి కాలి కోసం వేశావా?"



ఆ మధ్యాహ్నమే డిస్కులు విప్పేశాడు. గోతాంలో మూటకట్టిన డ్రమ్ములు తీసి, తుడిచి, మళ్ళీ ఎక్కించాడు. తన చేతుల మీద తనకే నమ్మకం లేక ఒక్కో స్ప్రింగునూ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఇక మిగిలింది బ్రేకు పైపుల్లో చేరిన గాలి తియ్యడం. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర వదులు చేసి, గాలి పోయాక బిగించాలి. బిగించకముందే కాలు తీస్తే ఆ గాలంతా మళ్ళీ లోపలికి పోతుంది. సాయానికి రమ్మని కూతురికి కబురు పెట్టాడు. ఆమె రాలేదు, బాబాయిని పంపింది.

కుంటుకుంటూ వచ్చిన తమ్ముడు సీట్లో కూర్చుని, కుడి కాలు పక్కకు జరుపుకుని, ఎడమ కాలితో తొక్కాడు. ప్రమాదం తర్వాత అతను పెడలు మీద కాలు పెట్టడం అదే మొదలు. ఈయన వెనక చక్రం పక్కన నేలమీద పడుకుని మర వదులు చేశాడు. బ్రేకు నూనెతోపాటు గాలి బుడగలు వస్తున్నాయి. అప్పుడు సీట్లోంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"అన్నయ్యా, నీళ్ళలోంచి బయటికి రాగానే బ్రేకు మెల్లగా తొక్కుతూ డ్రమ్ములు ఆరబెట్టుకోవాలని నువ్వే నేర్పావు. ఆ రోజు నేను తొక్కలేదు. తొందర్లో మర్చిపోయా. నీ పనిలో తప్పేం లేదు."

స్పానరు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తెలిసి తెలిసి తనను కుమిలిపోనిచ్చాడా! ఒళ్ళు భగ్గున మండింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"చెప్తే ఆదివారాలు రావేమోనని."

లేచి వాడి చెంప పగలగొడదామనిపించింది. కూర్చుని బోరున ఏడుద్దామనీ అనిపించింది. ఏది చెయ్యాలన్నా మర వదిలెయ్యాలి.

"ఒరేయ్, కాలు తియ్యకు. ఆదివారం వస్తాలే. ముందు ఆ పెడలు గట్టిగా పట్టుకో."

కూతురు ఇప్పుడు ఆ డ్రమ్ముల మీదే తిరుగుతోంది. ఆదివారం ఆయన అన్నట్టే వెళ్ళాడు. నూనె వేడిచేశాడు, మోకాలికి పట్టించాడు. తమ్ముడు ఎన్ని కబుర్లు ఎత్తినా ఒక్కదానికీ బదులు పలకలేదు.