లోయలో పెద్ద మద్ది

ఓబమ్మ పుట్టింది ఉదయగిరిలో, దుర్గం కొండ కింద. తల్లి లేని పిల్ల కావడంతో, కట్టెలకు కొండెక్కినప్పుడల్లా తండ్రి నారాయణయ్య ఆమెను వెంట తీసుకుపోయేవాడు. ఒకనాడు తప్పిపోయిన ఆవును వెతుకుతూ ఇద్దరూ వాగు వెంట లోపలి లోయలోకి దిగారు. ఆ మద్దిచెట్టు అక్కడుంది.

మొదట ఓబమ్మ దాన్ని చెట్టనుకోలేదు. తెల్లబండ అనుకుని చెయ్యి ఆనించింది. నున్నగా, చల్లగా తగిలింది. తలెత్తి చూస్తే ఆ బండ పైకి పోతూనే ఉంది, ఎక్కడో ఆకుల్లో కలిసిపోయింది. బెరడు పెచ్చులూడిన చోట లోపల లేత ఎరుపు. నారాయణయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. గుళ్లో తప్ప తండ్రి అలా నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఎవురు నాటినారు నాయనా?"

"నాటినోడుంటే గదా పాపా. దుర్గం కట్టకముందు నుంచీ ఉండాదని మా తాత చెప్పినాడు."

పొద్దు వాలేదాకా వాళ్లక్కడే కూర్చున్నారు. ఆవు తనంతట తానే ఇల్లు చేరింది.

పెద్దయ్యాక ఓబమ్మ కొండలయ్యను పెళ్లాడింది. అతనూ అదే ఊరి మదార్ సాహెబూ జతగా చెట్లు కొట్టేవాళ్లు. బిడ్డ పుట్టిన ఏడాదే ధాత కరువు వచ్చింది. చెరువులు నెర్రెలిచ్చాయి. సీతారామపురం వైపు ఊళ్లకు ఊళ్లే వలసపోయాయి. నారాయణయ్య ఆ కరువులోనే పోయాడు. ఓబమ్మకు పాలు ఇంకిపోయాయి.

అట్లాంటి రోజుల్లో ఒక కలప వ్యాపారి వచ్చి, దూలాలకు పెద్ద మాన్లు కావాలనీ, కొట్టినవాళ్లకు జొన్నలిస్తాననీ చెప్పాడు. మదార్ సాహెబ్ జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. అందుకని రెండో గొడ్డలి ఓబమ్మ భుజాన వేసుకుంది. వ్యాపారి వాళ్లను ఆ వాగు వెంటే లోపలి లోయలోకి తీసుకుపోయాడు. అతను చూపించింది ఆ చెట్టునే.

"ఏమయ్యా, ఇది మా నాయన చూపించిన చెట్టు," అని మొగుడికి మెల్లగా చెప్పింది.

కొండలయ్య చాలాసేపు పైకి చూశాడు. "పోదామంటే పోదాం," అన్నాడు.

ఓబమ్మ కొమ్మకు కట్టిన గుడ్డ ఉయ్యాల వైపు చూసింది. లోపల బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

"కొట్టు," అంది.

ఇద్దరూ చెరోపక్క నిలబడి కొట్టారు. ఎర్రటి పెచ్చులు ఎగిరి ఆమె పాదాల మీద పడ్డాయి. ఆమె కిందికి చూడలేదు. మధ్యాహ్నం దాటాక దెబ్బల చప్పుడు మారింది. కడవ మీద కొట్టినట్టు లోపల మోగింది. ఇంకో దెబ్బకు కొండలయ్య గొడ్డలి పిడిదాకా దిగిపోయింది. మానంతా తొర్ర. వ్యాపారి పొడుగాటి కర్ర దూర్చి కదిపి చూశాడు, ఎక్కడా తగల్లేదు. దీంట్లో దూలమేం వస్తుందని తిట్టుకున్నాడు. చేసిన పనికి జొన్నలిచ్చి, వేరే మాన్లు చూసుకోవడానికి అవతలి గట్టుకు పోయాడు.

ఓబమ్మ గొడ్డలి వేటు పడిన చోట అరచెయ్యి పెట్టింది. ఏనాటి గాలో, చల్లగా తాకింది. ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆ సాయంత్రం పల్చటి జొన్న అంబలి వేలితో నాకిస్తే బిడ్డ కళ్లు తెరిచింది.

వానలు పడ్డాక కొండలయ్యకు ఆత్మకూరులో కలప కోసే పని దొరికి కాపురం అక్కడికి మారింది. అక్కడంతా చదునునేల. కళ్లు ఎంత దూరం పోయినా మెడ ఎత్తే పని లేదు. నాట్లు వేసేటప్పుడు ఓబమ్మ ఆ మాను గురించి చెబితే, అంతలావు చెట్టుంటుందా అని తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఆమె వాదించేది కాదు. ఆ నీడను తలుచుకుంటూ మళ్లీ నారు అందుకునేది.

కోలుకున్న మదార్ సాహెబ్ అప్పుడప్పుడూ కలప బండ్లతో ఆత్మకూరు వచ్చేవాడు. ఇంటి ముందు ఆగి మంచినీళ్లు అడిగేవాడు. చెంబు అందిస్తూ ఆమె అతని పిల్లల గురించి, ఉదయగిరి గురించి అడిగేది. అన్నీ అయ్యాక అసలు మాట అడిగేది.

"అది ఉండాదా అన్నా?"

"ఉండాదమ్మా," అనేవాడు మదార్ సాహెబ్. "నిరుటి కంటే ఇంకా చిక్కగా ఉండాది నీడ."