పార్కు కమిటీకి మావారి పోటీ

మా పాప బంతి వెనకాల రోడ్డు మీదికి పరిగెత్తిన రోజున లారీవాడు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. దానికప్పుడు నాలుగేళ్లు. సిడ్నీ పడమటి శివార్లలో మేమున్న వీధి చివర పార్కు, పార్కును ఆనుకుని పెద్ద రోడ్డు. రెండింటికీ మధ్య గడ్డి తప్ప అడ్డం ఏమీ లేదు. వారం రోజులు నాకు అన్నం సహించలేదు. కంచె వేయించమని కౌన్సిల్‌కు రెండు ఉత్తరాలు రాశాను. ఆ సంగతి పార్కు కమిటీ చూసుకుంటుందని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

ఎనభైల చివరి మాట ఇది. కమిటీలో ఒకాయన క్వీన్స్‌లాండ్ వెళ్లిపోయి ఒక కుర్చీ ఖాళీ అయింది. నేనే నిలబడొచ్చు. కానీ ఇంట్లో ఇంజనీరు మొగుడుండగా నేనెందుకని మావారిని నిలబడమన్నాను. ఆ తెలివితక్కువతనం పూర్తిగా నాదే.

ఆయన మొదటిసారి వద్దన్నారు. రెండోసారి "చూద్దాంలే" అన్నారు. మూడోసారికి ఒప్పుకున్నారు. మావారికి ఏదైనా అంతే. గుంటూరులో మా అత్తగారింట్లో కాఫీ అయినా మూడోసారి అడిగితేనే పుచ్చుకోవాలి. ముందే పుచ్చుకున్నవాణ్ణి మొహం వాచినవాడంటారు. ఈ దేశం వచ్చిన కొత్తలో వాళ్ల ఆఫీసరు భోజనానికి పిలిచి, ఇంకాస్త వడ్డించమంటారా అని అడిగితే ఈయన వద్దన్నారు. గిన్నె లోపలికి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి గోంగూర పచ్చడితో రెండు పళ్లేల అన్నం తిన్నారు. ఆరేళ్లయినా ఆ పాఠం ఒంటబట్టలేదు.

ఒప్పుకున్నాక మాత్రం ఆయన్ని పట్టడం కష్టమైంది. నగరపాలనలో పాలుపంచుకోమని ఇక్కడివాళ్లు పట్టుబడుతున్నారని వాళ్లన్నయ్యకు ఉత్తరం రాశారు. పట్టుబట్టింది నేనొక్కదాన్నే. మూడు పేజీల స్పీచ్ రాసుకుని రోజూ అద్దం ముందు చదివేవారు. అందులో కంచె మాట రెండో పేజీ చివరికి గానీ రాదు. అప్పటిదాకా ప్రాచీన భారతదేశంలో ఉద్యానవనాల గొప్పతనమే.

ఇక ప్రచారం. ఓటు వేయమని నోరు తెరిచి అడగడం ఆయనకు నామోషీ. అందుకని నా చేత జంతికలు చేయించి ఇంటింటికీ పట్టుకెళ్లారు. గుమ్మంలో నిలబడి ఎండల గురించి మాట్లాడి, పొట్లం చేతిలో పెట్టి, ఎన్నిక మాటెత్తకుండా తిరిగొచ్చేవారు.

"అడగకపోతే వాళ్లకెలా తెలుస్తుందండీ?" అంటే, "ఆ మాత్రం అర్థం చేసుకోలేరా?" అనేవారు.

వాళ్లకు అర్థమైందల్లా మాకేదో పండగని. మర్నాటి నుంచి కనిపించిన ప్రతివాళ్లూ నాకు పండగ శుభాకాంక్షలు చెప్పారు. అసలు సంగతి పక్కింటి ముసలావిడకు మాత్రమే తెలుసు, అదీ నేను చెబితే.

మీటింగు శనివారం మధ్యాహ్నం, పార్కు పక్కనున్న హాల్లో. ఇరవై మంది దాకా వచ్చారు. చైర్మన్ ఒకప్పుడు మాంసం కొట్టు నడిపినాయన, నిక్కరుతో వచ్చాడు. మావారు పెళ్లినాటి సూటు వేసుకున్నారు. పక్కింటావిడ లేచి మావారి పేరు చెప్పింది. చైర్మన్ కాగితం మీద రాసుకుని, ఒప్పుకుంటారా అని అడిగాడు.

మావారు లేచి చేతులు జోడించారు. తానెంతవాణ్ణని, ఇక్కడ తనకన్నా అనుభవమున్న పెద్దలెందరో ఉండగా తనకెందుకని చక్కటి ఇంగ్లీషులో చెప్పారు. తర్వాత తల వంచుకుని, స్పీచ్ ఉన్న జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

"నో వర్రీస్, మేట్," అని చైర్మన్ ఆ పేరు కొట్టేశాడు.

మావారి పెదాల మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. మోచేత్తో పొడిచాను.

"ఒప్పుకుంటున్నానని చెప్పండి."

"ఉండవే, మళ్లీ అడుగుతాడు."

"అడగడండీ. పేరు కొట్టేశాడు."

"అంత మర్యాద తెలీని మనిషిలా లేడు. అడుగుతాడు."

చైర్మన్ గడియారం చూసుకున్నాడు. ఇంకెవరూ లేకపోతే ఆ కుర్చీని వచ్చే ఏడాది దాకా ఖాళీగానే ఉంచుదామన్నాడు. నాకు ఆ లారీ బ్రేకు చప్పుడు మళ్లీ చెవిలో పడింది. ఈయన మీదా, మా మర్యాదల మీదా ఒళ్లు మండిపోయింది. పక్కింటావిడ వెనక్కి తిరిగి నన్ను చూసి, నా పేరు చెప్పింది. ఒప్పుకుంటారా అని చైర్మన్ పూర్తిగా అడిగేలోపే ఒప్పుకుంటానన్నాను.

పోటీ లేదు కాబట్టి అంతటితో ఎన్నికైపోయాను. స్పీచ్ ఎవరూ అడగలేదు. తర్వాతి వేసవికల్లా కంచె పడింది.

ఆ రోజు ఇంటికి నడిచొచ్చి, మా గేటు తీస్తూ అన్నారాయన.

"కనీసం ఒక్కసారైనా వద్దనాల్సింది. పదవికి మొహం వాచి ఉన్నావనుకోరూ?"

"వాచే ఉన్నాను" అన్నాను.

సూటు విప్పకుండానే సోఫాలో కూలబడ్డారు. వాళ్లన్నయ్యకు ఇప్పుడేం రాస్తారో పాపం. నిజంగానే జాలేసింది. కాఫీ కలిపి, తాగుతారా అని అడిగాను. నా వైపు చూడకుండా వద్దన్నారు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నేను రెండోసారి అడగనిది ఆ రోజే. నా గ్లాసు ఒక్కటే తెచ్చుకుని, ఆయన ఎదురుగా కూర్చుని, చైర్మన్ ఇచ్చిన కాగితాలు చదువుకున్నాను.