రజియా ఆపాతో ఆదివారం మ్యాటినీలు

భూపాలపల్లిలో మా కింది వాటాలోకి ఈమధ్య ఒక టైలరు దిగాడు. పొద్దున్నే అతను కొత్త నూలుగుడ్డ మీద నీళ్లు చిలకరించి వేడి ఇస్త్రీపెట్టె ఆనించగానే ఒక వాసన లేచి, మెట్లెక్కి మా వంటింట్లోకి వస్తుంది. అది ముక్కుకు తగిలిందంటే చాలు, నేను ఎకాఎకిన జనగామలో ఉంటాను. ఆదివారం మధ్యాహ్నం, మ్యాటినీకి ఆలస్యమవుతోందని రజియా ఆపా కింద నుంచి నన్ను కేకేస్తుంటుంది. ఇటు పొయ్యి మీద పోపు మాడుతుంటుంది. నేను నవ్వుకుంటూ నిలబడతాను.

నర్మెట్ట బడిలో తెలుగు టీచరుగా చేరిన కొత్తలో జనగామలో ఆపా ఇంటి పైగది అద్దెకు తీసుకున్నాను. కింద ముందుగదిలో ఆమె జాకెట్లు కుట్టేది. చిన్నా పెద్దా తేడా లేకుండా వాడకట్టంతా ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేది. ఆమెకు సినిమా పిచ్చి. హాల్లో ఏది ఆడుతుంటే అది చూసేది. తోడు వెళ్లినవాళ్లకు మాత్రం ఒక షరతు ఉండేది. హాలు నుంచి ఇంటికి నడిచి వచ్చేలోపు ఒకటి బాగున్నది చెప్పాలి, ఒకటి బాగాలేనిది చెప్పాలి. రెండూ చెప్పందే చాయ్ లేదు.

మొదటి ఆదివారం మేం చూసిన సినిమాలో హీరో ఎగిరి ఎగిరి తన్నడం తప్ప ఏమీ లేదు. బయటికొస్తూ, "అంతా చెత్తే ఆపా" అన్నాను.

"అంతా అంటే ఏం చెప్పనట్టే. మూడు గంటలు కండ్లు తెరుసుకోని కూసున్నవ్ గదా టీచరమ్మా, ఒక్కటన్న కనవడలేదా?"

ఎంత గింజుకున్నా నాకేమీ తోచలేదు. చివరికి ఆమే అందుకుంది. "గా పోస్టుమాన్ ముసలాయన అంగీ చూసినవా? కాలరు తిరగేసి కుట్టిండ్రు. అరిగిన అంగీని గట్లనే కుడ్తరు. గది తెలిసినోడు చేసిన పని." కాసేపు నడిచాక మళ్లీ అంది. "జేబుదొంగ మాత్రం గీసారి కూడ మన తెలంగాణోళ్ల లెక్కనే మాట్లాడిండు. సినిమాలల్ల దొంగతనాలన్నీ మనమే చెయ్యాల్నా ఏంది?" ఆ రోజు నాకు చాయ్ ఇచ్చింది కానీ, సగం గ్లాసే పోసింది.

ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. అందుకని నాకెంతో ఇష్టమైన ఒక నవలను, ఆమె కాజాలు కుడుతుంటే పక్కన కూర్చుని నెలన్నర పాటు చదివి వినిపించాను. ఆ తర్వాత కొన్నాళ్లకు అదే నవల సినిమాగా వచ్చింది. ఇద్దరం ఆశగా వెళ్లాం. నాకు ప్రాణమైన నాలుగు అధ్యాయాలు అందులో లేనేలేవు. హాలు గుమ్మం దగ్గర తిట్టడం మొదలుపెట్టిన దాన్ని, ఇంటి మలుపు దాకా ఆపలేదు. ఆపా అంతా విన్నది.

"తాత షేర్వానీ తెచ్చి మనుమనికి కుట్టమంటరు గదా నా దగ్గర. కత్తెర పెట్టకుంట ఎట్ల కుడ్త? నువ్వు కోసిన ముక్కలే ఏరుకుంటున్నవ్. తొడుక్కుంటే పిల్లగానికి కుదిరిందా లేదా, గది చూడు."

"మరి కుదిరిందా?" అన్నాను ఉక్రోషంగా.

"భుజాల కాడ మంచిగ కుదిరింది. గని హీరోయిన్ చెల్లెను ఎందుకు తీసేసిండ్రు? చెల్లె లేకుంటే ఆమె ఎవలతోని కొట్లాడ్తది? గుండీలు కోసేసి అంగీ చేతిల పెట్టినట్టున్నది." అప్పటిదాకా వంద తప్పులు పట్టిన నాకు ఆ చెల్లెలు గుర్తే రాలేదు. సిగ్గేసింది.

పెళ్లై భూపాలపల్లికి వచ్చేశాక నేనే ఒక కథ రాశాను. పెద్దవంగర దగ్గర మా ఊళ్లో, మిర్చి ఆరబోసిన కల్లం మీద రాళ్లవాన పడిన రోజు గురించి. మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. కథలో అవ్వ తడిసిన మిర్చి మధ్య కూర్చుని, మాట లేకుండా ఏడుస్తుంది. చదివినవాళ్లు ఫోన్లు చేసి మరీ ఏడ్చామన్నారు. శ్రావణ్ అనే ఇక్కడి కుర్రాడు దాన్ని గంట సినిమాగా తీస్తానంటే సరేనన్నాను. టేకుమట్ల దగ్గర తీసి, పూర్తయ్యాక చూడమని పంపాడు.

చూసి మండిపడ్డాను. అందులో రాళ్లవాన పడుతుంటే తాత ఒక్క గొడుగు తెచ్చి, అంత పెద్ద కల్లానికి అడ్డం పట్టి నిలబడ్డాడు. అది చూసి అవ్వ పడీ పడీ నవ్వింది. నవ్వి, లేచి, తడిసిన కాయలు ఏరడం మొదలుపెట్టింది. నా కథలో గొడుగూ లేదు, నవ్వూ లేదు. శ్రావణ్ మా ఊరెళ్లి మా నాన్నను అడిగి అవన్నీ తెలుసుకున్నాడట. నా కథ వాడుకోవద్దని చెప్పేశాను.

"అక్కా, రెండేండ్ల కష్టం. మీరు వద్దంటే సినిమా గిట్లనే పండవెట్టాలె. సోమవారం దాంక జర ఆలోచించుండ్రి" అన్నాడు. అది అతని మొదటి సినిమా.

ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని జనగామ బస్సెక్కాను. ఆపా కత్తిరింపుల బల్ల మీది గుడ్డలన్నీ పక్కకు జరిపి సినిమా మొత్తం చూసింది. అయిపోయాక, "ముసలమ్మ జాకెట్ ఎవడు కుట్టిండు? వెనక జిప్పు ఉన్నది. చేన్ల పనిచేసే మనిషికి జిప్పెక్కడిది?" అంది.

"చూశావా ఆపా, అన్నీ తప్పులే" అన్నాను సంబరంగా.

"ఆగు, ఇంకొకటి చెప్పలే. మీ తాత నిజంగనే గొడుగు పట్టిండా?"

"పట్టాడు."

"అవ్వ నవ్విందా?"

"నవ్వింది. తాత ఉన్నన్నాళ్లూ ఆ గొడుగు మాటెత్తి నవ్వుతూనే ఉండేది."

"మరి నువ్వెందుకు కోసేసినవ్?"

ఏడిస్తేనే కథ గొప్పగా ఉంటుందనుకున్నాను. పంట పోయిన ఇంట్లో ముసలమ్మ నవ్విందంటే ఎవరూ నమ్మరనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"పిల్లగాడు జాకెట్ తప్పు కుట్టిండు. నువ్వు మనిషినే తప్పు కుట్టినవ్ గద బిడ్డా" అంది ఆపా. అని లేచి చాయ్ పెట్టింది. ఆ మాట నాకు ఎక్కడో గట్టిగా తగిలింది. అవ్వ చనిపోయిన రోజు కూడా అంత ఏడవలేదు నేను.

అక్కడి నుంచే శ్రావణ్‌కు ఫోన్ చేసి, ముందు జిప్పు సంగతి చెప్పాను, తర్వాత గొడుగు సంగతి. అతను ముసలమ్మ వీపు నిండా కొంగు కప్పి రెండు సన్నివేశాలు మళ్లీ తీశాడు. సినిమా మా ఇద్దరి పేర్లతో బయటికొచ్చింది. నా కథల పుస్తకం మళ్లీ అచ్చయినప్పుడు తాత చేతికి గొడుగు ఇచ్చాను.

ఆపా పోయి ఏడాది దాటింది. ఆమె గురించి రాయమని ఈమధ్య తెలిసినవాళ్లు అడిగితే కూర్చుని రాశాను. ఓర్పు, దయ, మంచితనం అంటూ పేజీ నిండిపోయింది. చదువుకుంటే అందులో ఆపా ఎక్కడా లేదు. మళ్లీ కత్తెర పట్టానన్నమాట. ఆ కాగితం చించేసి ఇది రాస్తున్నాను. ఆమెంటే నాకు ప్రాణం. కానీ ఆపా హాల్లో గట్టిగట్టిగా మాట్లాడేది. తాను ముందే చూసిన సినిమా అయితే ఇంటర్వెల్లోనే చివర ఏమవుతుందో చెప్పేసేది. జాకెట్ ఏనాడూ చెప్పిన రోజుకు ఇవ్వలేదు. నా పెళ్లి జాకెట్ కూడా, ముందురోజు కొత్త సినిమా విడుదలవడంతో, ముహూర్తానికి గంట ముందు ఆపాతోపాటు ఆటోలో వచ్చింది. దాని కుడిచేయి వేలెడు పొడుగు. నేను ఏడుపుమొహం పెడితే, "గింత దానికేంది, ఫొటోలల్ల కుడిదిక్కు తిరిగి నిలవడు" అంది.

అలాగే నిలబడ్డాను. మా పెళ్లి ఆల్బంలో ప్రతి ఫొటోలోనూ నేను కుడివైపుకే తిరిగి, నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతుంటాను. మా ఆయన ఒక్కడే నిటారుగా, ఏమీ తెలియనట్టు నిలబడి ఉంటాడు.